డబ్బాతో పిన్‌హోల్ కెమెరా: మన ఎండకు, మన నీళ్లకు సరిపడే పద్ధతి

స్కూల్లో అట్టపెట్టెకు చిల్లు పెట్టి, నూనె రాసిన కాగితం మీద తలకిందులైన కొవ్వొత్తి మంటను చూడనివాళ్లు తక్కువే. ఆ బొమ్మను కాగితం మీద నిలపాలనుకున్నప్పుడే ప్రశ్నలు మొదలవుతాయి. బెజ్జం ఎంత ఉండాలి? ఏ కాగితం వాడాలి? ఎన్ని సెకన్లు తెరవాలి? తీసిన ప్రతిసారీ మొత్తం నల్లగా ఎందుకు వస్తోంది?

పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే లెక్కలు ఎక్కువగా, బొమ్మ కడిగే రసాయనాలను 20 డిగ్రీల నీళ్లలో వాడతారని వేసినవి. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా ఏప్రిల్ మధ్యాహ్నం నల్లా తిప్పితే ట్యాంకులో కాగిన నీళ్లే వస్తాయి. అందుకని కింద ఇచ్చిన ప్రతి సమయాన్నీ మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెగానే తీసుకోండి. మీ డబ్బాకు, మీ నీళ్లకు సరైన అంకెను పరీక్షతో మీరే తేల్చుకోవాలి. ఆ పరీక్షను వదిలేసినవాళ్లకే కాగితాలన్నీ పాడవుతాయి.

1. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

కెమెరాకు:

- పాలపొడి డబ్బా లాంటి గుండ్రటి రేకు డబ్బా. అడ్డంగా 10 సెం.మీ., ఎత్తు 13 సెం.మీ. లేదా అంతకు ఎక్కువ. మూత బిగుతుగా పట్టాలి
- ఖాళీ కూల్‌డ్రింక్ టిన్ను (బెజ్జం పెట్టే రేకు కోసం)
- సన్నని కుట్టుసూది, 400 నంబరు నీటి సాండ్‌పేపర్
- మెడికల్ షాపులో దొరికే కొత్త 26 జి సిరంజి సూది ఒకటి. దాని బయటి మందం 0.45 మి.మీ.
- మెరుపు లేని నల్ల రంగు, లేదా నల్ల చార్ట్ పేపర్
- నల్ల ఇన్సులేషన్ టేపు, వంటింటి అల్యూమినియం ఫాయిల్

బొమ్మకు:

- నలుపు తెలుపు ఎన్‌లార్జింగ్ పేపర్ (చీకటి గదిలో ఫోటోలు కడిగే కాగితం), 5×7 అంగుళాలది, ఆర్.సి. రకం (ప్లాస్టిక్ పూత ఉన్నది)
- పేపర్ డెవలపర్ (బొమ్మను పైకి తెచ్చే మందు), హైపో (వచ్చిన బొమ్మను నిలిపే మందు), తెల్ల వెనిగర్
- మూడు ప్లాస్టిక్ ట్రేలు, మూడు పటకార్లు, థర్మామీటరు, రబ్బరు తొడుగులు
- ఎర్ర ఎల్.ఇ.డి. నైట్ బల్బు

ఎన్‌లార్జింగ్ పేపర్ జిల్లా కేంద్రాల్లో దొరకడం కష్టం. హైదరాబాద్ నుంచో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. ఇంక్‌జెట్ ప్రింటర్లలో వాడే ఫోటో పేపర్ పనికిరాదు, అందులో వెలుతురుకు మారే వెండి లవణం ఉండదు. ప్యాకెట్ మీద నలుపు తెలుపు డార్క్‌రూమ్ పేపర్ అని స్పష్టంగా ఉందో లేదో చూసి కొనండి. వచ్చాక ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో పెట్టండి. రేకుల గదిలో, ఎండలో ఆపిన కారులో ఉంచిన పేపర్ తెరవకముందే బూడిదరంగుకు తిరగడం మొదలవుతుంది.

ట్రేలు, పటకార్లు, కొలత గ్లాసులు ఈ పనికే వేరుగా ఉంచండి. ఒకసారి రసాయనం పోసిన గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

2. డబ్బాను సిద్ధం చేయడం

డబ్బాను సబ్బుతో కడిగి ఆరబెట్టండి. పక్క గోడకు సరిగ్గా సగం ఎత్తులో మేకుతో చిల్లు కొట్టి, దాన్ని 10 మి.మీ. వెడల్పు చేయండి. లోపల ఒక చెక్కముక్క ఆనించి కొడితే డబ్బా సొట్టపోదు. అంచులను ఆకురాయితో నున్నగా చేయండి. ఆ రేకు అంచు చర్మాన్నీ కోస్తుంది, తర్వాత ఫోటో పేపర్‌నూ గీరుతుంది.

పెద్ద చిల్లు ఎందుకంటే, బెజ్జాన్ని డబ్బా గోడకే నేరుగా పెడితే ఆ రేకు మందం చిన్న సొరంగంలా పనిచేస్తుంది. ఏటవాలుగా వచ్చే వెలుతురు ఆగిపోయి బొమ్మ అంచులు తేలిపోతాయి. అసలు బెజ్జం పలుచటి రేకులోనే ఉండాలి.

లోపల అంతా నల్ల రంగు వేయండి. మూత లోపలివైపు, అడుగు, అంచు మడత, ఏదీ వదలకూడదు. రంగు రెండు రోజులు ఆరాలి. తొందరగా కావాలంటే నల్ల చార్ట్ పేపర్ అతికించినా సరిపోతుంది.

పాలపొడి డబ్బాల ప్లాస్టిక్ మూతలు చేతిలో చూస్తే వెలుతురు పోదనిపిస్తుంది. ఎండలో పెడితే మాత్రం దీపపు బుడ్డి అద్దంలా వెలుగుతాయి. మూతకు బయట ఒక పొర ఫాయిల్, దాని మీద రెండు పొరల నల్ల టేపు తప్పనిసరి.

3. బెజ్జం

బొమ్మ నాణ్యత ఇక్కడే తేలిపోతుంది. దీనికి ఒక గంట కేటాయించండి.

బెజ్జం పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుందని అందరికీ తెలుసు. మరీ చిన్నదైనా అలుక్కుపోతుంది, ఎందుకంటే సన్నటి సందులో దూరే వెలుతురు అంచుల దగ్గర వంగి చెదురుతుంది. ఈ రెంటికీ నడుమ ప్రతి దూరానికీ ఒక మంచి కొలత ఉంటుంది. బెజ్జం నుంచి కాగితానికి ఉన్న దూరాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 0.00055తో గుణించండి. వచ్చినదానికి వర్గమూలం కట్టి 1.9తో గుణిస్తే బెజ్జం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది.

ఆ లెక్క ప్రకారం:

- 6 సెం.మీ. దూరానికి 0.35 మి.మీ.
- 8 సెం.మీ. దూరానికి 0.40 మి.మీ.
- 10 సెం.మీ. దూరానికి 0.45 మి.మీ.
- 12 సెం.మీ. దూరానికి 0.50 మి.మీ. (కచ్చితంగా 0.49)
- 15 సెం.మీ. దూరానికి 0.55 మి.మీ.

మన 10 సెం.మీ. డబ్బాకు 0.45 కావాలి. అందుకే 26 జి సూది. చిన్న డబ్బాకు 27 జి సూది (0.40) తీసుకోండి.

చేసే వరుస:

మొదట, కూల్‌డ్రింక్ టిన్ను నుంచి 3 సెం.మీ. చదరపు ముక్క కత్తిరించి రెండు వైపులా రంగు, పూత పోయేదాకా సాండ్‌పేపర్‌తో రుద్దండి.

తర్వాత, ముక్కను పాత పోస్టుకార్డు మీద పెట్టి కుట్టుసూది మొనతో మధ్యలో మెల్లగా నొక్కండి. వెనకవైపు చిన్న బుడిపె లేవాలి, సూది మాత్రం దిగకూడదు. ముక్కను తిరగేసి ఆ బుడిపెను సాండ్‌పేపర్‌తో రుద్దండి. మళ్లీ నొక్కండి, మళ్లీ రుద్దండి. నాలుగైదుసార్లకు బుడిపె కొస అరిగి అతిచిన్న బెజ్జం తెరుచుకుంటుంది.

ఇప్పుడు కుట్టుసూది మొనను తిప్పుతూ కొద్దికొద్దిగా వెడల్పు చేయండి. మధ్యమధ్యలో సిరంజి సూదిని దూర్చి చూడండి. అది మెత్తగా, ఊగిసలాట లేకుండా దూరినప్పుడు ఆపేయండి.

సిరంజి సూదితోనే నేరుగా పొడవకండి. దాని మొన ఏటవాలుగా కోసి, లోపల బోలుగా ఉంటుంది కాబట్టి బెజ్జం నెలవంకలా చిరుగుతుంది. అది కొలబద్ద మాత్రమే. పని అయ్యాక మూత పెట్టి, పిల్లలకు అందకుండా పారేయండి.

బెజ్జం గుండ్రంగా వచ్చిందో లేదో చూడటానికి స్కానర్ మంచి సాధనం. 2400 డి.పి.ఐ. దగ్గర స్కాన్ చేస్తే 1 మి.మీ. అంటే దాదాపు 94 పిక్సెళ్లు, 0.45 మి.మీ. అంటే 42 చుట్టుపక్కల. నిలువుకొలతకూ అడ్డకొలతకూ నాలుగైదు పిక్సెళ్ల తేడా ఉంటే పరవాలేదు. అంచున పోగులా రేకు లేచి ఉంటే, బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఇంకో ముక్క తీసుకోండి. ఒక టిన్నులో చాలా ముక్కలొస్తాయి, కాబట్టి ఒకేసారి మూడు నాలుగు చేసి బాగా వచ్చినదాన్ని వాడటం మేలు.

ముక్క లోపలివైపును నల్ల మార్కర్‌తో నలుపు చేసి (బెజ్జంలోకి సిరా దిగనీయకుండా), డబ్బా లోపలి నుంచి పెద్ద చిల్లు మధ్యలోకి వచ్చేలా నాలుగు అంచులా టేపు వేయండి.

4. షట్టర్

బెజ్జాన్ని బయటి నుంచి మూసి తెరవడానికి నాలుగు సెం.మీ. నల్ల టేపు ముక్క చాలు. ఒక కొసను లోపలికి మడిచి పిడిలా చేస్తే తీయడం సులువు. కానీ మే నెల ఎండలో ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి జారుతుంది, బెజ్జం చుట్టూ అంటుకుంటుంది. డబ్బా ఇనుప రేకుదైతే ఫ్రిజ్‌కు అతికించే మెత్తటి మ్యాగ్నెట్ షీటు ముక్క వాడండి. తీసి పెట్టేటప్పుడు డబ్బా కదలదు, జిగురు బాధ లేదు.

5. వెలుతురు కారడం లేదని రుజువు చేసుకోవడం

మొత్తం నల్లగా వచ్చే నెగెటివ్‌లకు (వెలుతురు తగిలిన చోట నల్లబడే కాగితపు బొమ్మలకు) చాలాసార్లు కారణం వెలుతురు కారడమే. ఎక్కువసేపు తెరిచామేమో అనుకుని సమయం తగ్గిస్తూ పోతారు, దోషం మూతలో ఉంటుంది.

మొదటి పరీక్ష కంటితో. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, వెలుగుతున్న చిన్న టార్చిని డబ్బాలో పెట్టి మూత, షట్టర్ మూయండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఐదు నిమిషాలు ఆగి, డబ్బాను అన్ని వైపులా తిప్పి చూడండి. ఎక్కడ చుక్క కనిపించినా టేపు వేయండి.

రెండో పరీక్ష కాగితంతో. చీకటి గదిలో (6వ భాగం) డబ్బాలో పేపర్ పెట్టి, షట్టర్ తెరవకుండా, ఎండలో పది నిమిషాలు నాలుగు వైపులా తిప్పుతూ ఉంచండి. తర్వాత రసాయనాల్లో (10వ భాగం) కడిగితే కాగితం తెల్లగా ఉండాలి. చార ఉంటే అది ఎక్కడుందో చూడండి. పై అంచున ఉంటే మూత, మధ్యలో ఉంటే షట్టర్ చుట్టుపక్కల, కింద ఉంటే అడుగు అతుకు.

ఈ రెండో పరీక్షకు ఒక కాగితం ఖర్చవుతుంది. అది చేయకపోతే పది ఖర్చవుతాయి.

6. చీకటి గది

డబ్బాలో పేపర్ పెట్టడానికి, తీసి కడగడానికి బాత్రూమ్ చాలు, రాత్రిపూట మరీ మంచిది. వెంటిలేటర్‌కు నల్ల కవరు, తలుపు కింది సందుకు దుప్పటి. లోపల కూర్చుని ఐదు నిమిషాల తర్వాత మీ చేయి మీకు కనిపించకపోతే గది సిద్ధం.

ఈ కాగితానికి ఎరుపు కనిపించదు కాబట్టి ఎర్ర బల్బు వెలుగులో పని చేయొచ్చు, కానీ ఎర్ర బల్బులన్నీ ఒకటి కావు. తెల్ల ఎల్.ఇ.డి.కి ఎర్ర ప్లాస్టిక్ తొడిగినవి నీలి వెలుతురును వదులుతాయి. పరీక్ష ఇలా: బల్బుకు ఒక మీటరున్నర దూరంలో పేపర్ ముక్క పెట్టి, దాని మీద రూపాయి నాణెం ఉంచి ఐదు నిమిషాలు ఆగండి. కడిగాక నాణెం గుండ్రం అచ్చుగా కనిపిస్తే ఆ బల్బు పనికిరాదు.

పేపర్‌లో మందు పూసిన వైపు కొంచెం మెరుస్తుంది, కాగితం కొద్దిగా ఆ వైపుకే వంగి ఉంటుంది. ఆ వైపు బెజ్జానికి ఎదురుగా ఉండాలి. 7 అంగుళాల పొడవును డబ్బా గోడ వెంట వంచి పెడితే తనంతట తానే నిలబడుతుంది. రెండు కొసలూ బెజ్జానికి సమాన దూరంలో ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. కాగితం కొస బెజ్జాన్ని కప్పేయడం కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ముందు వరుసలో ఉంటుంది.

7. రసాయనాలు, నీళ్లు

నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఈ పనిలో ఇబ్బంది పెట్టేది నీటి గట్టిదనం. బోరు నీళ్లలోని సున్నం ఆరిన బొమ్మ మీద తెల్ల మరకలు వదులుతుంది, సోడా కలిసిన డెవలపర్‌లో తెల్లటి మడ్డిలా దిగుతుంది. డెవలపర్ కలపడానికి, చివరి కడుగుకు ఫిల్టర్ నీళ్ల క్యాన్ వాడండి. మధ్యలో కడగడానికి బోరు నీళ్లు చాలు.

డెవలపర్: సీసా మీద రాసిన పాళ్లలో కలపండి. అది దొరక్కపోతే ఇంట్లోనే కాఫీ డెవలపర్ చేసుకోవచ్చు. లీటరు నీళ్లకు 54 గ్రాముల చాకలి సోడా, 16 గ్రాముల విటమిన్ సి పొడి, 40 గ్రాముల ఇన్‌స్టంట్ కాఫీ. ఇదే వరుసలో, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి వేయాలి. విటమిన్ సి పడగానే నురగ వస్తుంది, కంగారు పడకండి. ఐదు నిమిషాలు తేరనిచ్చి వాడండి. ఆ రోజే వాడేయాలి, నిలవ ఉండదు.

ఇందులో మూడు పొరపాట్లు తరచూ జరుగుతాయి. వంటసోడా వేస్తే బొమ్మ రాదు, దానికి తగినంత క్షారగుణం ఉండదు. చికోరీ కలిసిన కాఫీపొడి బలహీనంగా పనిచేస్తుంది, లేబుల్ చదివి పూర్తి కాఫీ ఉన్నదే తీసుకోండి. చాకలి సోడా స్ఫటికాలుగా, తడితడిగా ఉంటే అందులో సగానికి పైగా నీరే, 54 గ్రాముల బదులు 146 గ్రాములు వేయాలి.

ఆపే నీళ్లు: ఒక పాలు వెనిగర్, మూడు పాళ్లు నీళ్లు.

హైపో: లీటరుకు 250 గ్రాముల స్ఫటికాలు. కరిగేటప్పుడు నీళ్లు చల్లబడి కరగడం మందగిస్తుంది, అందుకే గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టండి. లీటరుకు 20 కాగితాలు దాటాక కొత్తది కలపడం మంచిది.

వేడి సంగతి: డెవలపర్ 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి. 30 దాటితే బొమ్మ మరీ వేగంగా వచ్చి అదుపు తప్పుతుంది, కాగితం మీది జిలటిన్ పొర మెత్తబడి గోరు తగిలినా లేస్తుంది. డెవలపర్ ట్రేను పెద్ద బేసిన్‌లో పెట్టి, బేసిన్‌లో ఐసు నీళ్లు పోయండి. ఐసును నేరుగా డెవలపర్‌లో వేస్తే అది పలుచబడుతుంది. ఫ్రిజ్ లేని చోట రాత్రంతా రంజన్‌లో (మట్టికుండలో) ఉంచిన నీళ్లతో తెల్లవారుజామున పని పెట్టుకోండి, చాలా నెలలు అదే సరిపోతుంది.

8. మొదటి పరీక్ష: మీ డబ్బా సమయం

10 సెం.మీ. దూరం, 0.45 మి.మీ. బెజ్జం అంటే ఎఫ్/222 (దూరాన్ని బెజ్జంతో భాగిస్తే వచ్చే అంకె; అది పెద్దదైన కొద్దీ వెలుతురు తగ్గుతుంది). ఎన్‌లార్జింగ్ పేపర్ వేగం, అంటే వెలుతురుకు స్పందించే గుణం, ఐ.ఎస్.ఓ. 3 నుంచి 6. నిండు ఎండలో లెక్క ప్రకారం అర నిమిషం నుంచి ఒక నిమిషం. మీ కాగితం, మీ డెవలపర్ ఈ రెంటి మధ్య ఎక్కడుంటాయో పరీక్ష చెబుతుంది.

సున్నం వేసిన గోడ, చెట్టు నీడ, ఎర్ర నేల ఒకే చోట కనిపించే దృశ్యం ఎంచుకోండి. ఉదయం పది, మధ్యాహ్నం మూడు మధ్య, మొగులు లేని రోజు. డబ్బాను ఒకే చోట కదలకుండా ఉంచి, నాలుగు కాగితాల మీద 20, 40, 80, 160 సెకన్లు తీయండి. కాగితం మార్చడానికి ఇంట్లోకి వెళ్లి రావాలి, కాబట్టి డబ్బా పెట్టిన చోట సుద్దతో గుర్తు గీయండి.

నాలుగింటినీ ఒకే డెవలపర్‌లో, ఒకే వేడిలో, ఒకే సమయం కడగండి. నీడలో ఉన్నవి కొద్దిగానైనా కనిపిస్తూ, సున్నపు గోడ గట్టి నలుపు కాకుండా ఉన్నదే మీ అంకె. 40 బాగుందనుకుంటే:

- నిండు ఎండ: 40 సెకన్లు
- పలుచటి మొగులు, నీడలు మసగ్గా ఉన్నప్పుడు: 1 నిమిషం 20 సెకన్లు
- మొగులు, నీడలు దాదాపు లేనప్పుడు: 2 నిమిషాల 40 సెకన్లు
- వానకాలపు దట్టమైన ముసురు, ఎండ రోజున చెట్టు నీడ: 5 నుంచి 6 నిమిషాలు
- వరండా లోపల: 20 నిమిషాలకు పైనే

డబ్బా మారితే సమయం కూడా మారుతుంది. దూరాన్ని బెజ్జంతో భాగించండి, వచ్చిన అంకెను 222తో భాగించి వర్గం చేయండి, దాన్ని మీ సమయంతో గుణించండి. 15 సెం.మీ. డబ్బాకు 0.55 మి.మీ. బెజ్జం అయితే ఎఫ్/273, అంటే ఒకటిన్నర రెట్లు.

ఈ కాగితానికి ఎరుపు కనిపించదు, పసుపు సరిగా కనిపించదు. సాయంత్రం ఐదున్నర ఎండ కంటికి నిండుగా ఉన్నా కాగితానికి సగం చీకటే, సమయం రెండింతలు చేయండి. పాలమూరు ఎర్ర చెల్క నేల బొమ్మలో నల్లరేగడిలా వస్తుంది. నీలాకాశం తెల్లగా పోతుంది, మబ్బులు కనిపించవు. ఇవి దోషాలు కావు, కాగితం స్వభావం. అందుకే మొత్తం చిత్రంలో ఆకాశం మూడో వంతు దాటకుండా నిలబెట్టండి.

నలుపు తెలుపులు మరీ కొట్టొచ్చినట్టు వస్తుంటే, డబ్బాలో పెట్టేముందు పేపర్‌కు లేత వెలుతురు తాకించాలి. దూరంగా ఉన్న చిన్న తెల్ల బల్బు కింద ఒక ముక్కను అట్టతో కప్పి, సెకనుకో సెంటీమీటరు చొప్పున జరుపుతూ తెరిచి కడగండి. మొదటి లేత బూడిదరంగు ఎన్నో సెకనులో వచ్చిందో చూసి, అంతకన్నా ఒక సెకను తక్కువ వాడండి. నీడల్లోని వివరం పైకొస్తుంది.

9. బయట తీసేటప్పుడు

మన ప్రాంతం ఈ కెమెరాకు అనువైనది, ఎందుకంటే కదలని వస్తువులు ఇక్కడ కొల్లలు. రాచకొండ గుండ్లు, భువనగిరి ఏకశిల గుట్ట, దేవరకొండ ఖిల్లా గోడలు నిమిషం కాదు, గంట తెరిచినా కదలవు. తాటిచెట్టు మట్టలు గాలికి ఊగి పొగలా వస్తాయి, మొదలు మాత్రం గట్టిగా నిలుస్తుంది. ఆ తేడా కావాలనుకుని తీస్తే బాగుంటుంది. సోమశిల దగ్గర కృష్ణ నీళ్లు రెండు నిమిషాల్లో పాలిషు చేసిన రాయిలా నున్నబడతాయి.

నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో, గర్భగుడిలో పగలంతా పడే స్తంభపు నీడను ఈ డబ్బాతో తీయొచ్చా అంటే, కాగితంతో కుదరదు. అంత చీకట్లో లెక్క గంటలకు గంటలు దాటుతుంది. మంటపంలో, బయటి వెలుతురు పడే స్తంభాల దగ్గర 20 నుంచి 40 నిమిషాలతో ప్రయత్నించండి. ముందు అక్కడివాళ్లను అడిగి అనుమతి తీసుకోండి.

వెడల్పు సంగతి గుర్తుంచుకోండి. గుండ్రటి డబ్బాలో 7 అంగుళాల కాగితం అడ్డంగా దాదాపు వంద డిగ్రీలు పట్టేస్తుంది. వంద అడుగుల దూరంలోని గుడి బొమ్మలో అగ్గిపెట్టెంత వస్తుంది. అందుకే మీకు సరే అనిపించిన చోటు కన్నా బాగా దగ్గరికి వెళ్లండి. ఒక గుండు ముందు మూడు అడుగుల్లో పెట్టినా ఫోకస్ బాధ లేదు, దగ్గరిదీ దూరందీ ఒకే మోతాదులో స్పష్టంగా ఉంటాయి.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి:

- డబ్బాలన్నిటికీ నంబర్లు, ఏది తీసిందో ఏది తీయందో గుర్తు (ఒక డబ్బాకు ఒకే బొమ్మ, కాబట్టి నాలుగైదు ఉంటే మేలు)
- బరువుకు ఇసుక నింపిన గుడ్డసంచి, లేదా ఇటుకకు కట్టడానికి సైకిల్ ట్యూబు ముక్క
- డబ్బాలను కప్పి మోయడానికి మందపాటి నల్ల సంచి
- నోటు పుస్తకం: డబ్బా నంబరు, చోటు, గంట, వెలుతురు, సెకన్లు

షట్టర్ తీసేటప్పుడు మూత మీద ఒక చేయి నొక్కి ఉంచి, తీశాక రెండు సెకన్లు ఆగి చేయి వదలండి. సూర్యుడు నేరుగా బెజ్జం మీద పడకుండా మీ నీడో, అట్ట నీడో పట్టండి.

నల్ల టేపు చుట్టిన డబ్బాను డ్యాము దగ్గర, రైల్వే స్టేషన్లో, బస్టాండ్లో వదిలి దూరంగా వెళ్లకండి. చూసినవాళ్లు భయపడటం సహజం. పక్కనే ఉండండి, డబ్బా మీద "ఫోటో కెమెరా" అని పెద్దగా రాయండి.

10. కడగడం

ట్రేలను ఎడమ నుంచి కుడికి వరుసగా పెట్టండి: డెవలపర్, వెనిగర్ నీళ్లు, హైపో. ప్రతి ట్రేకు దాని పటకారే. హైపో చుక్క డెవలపర్‌లో పడితే అది పాడవుతుంది.

కాగితాన్ని మందు వైపు కింద ఉండేలా ఒక్క జారుతో ముంచి, వెంటనే తిరగేయండి. ట్రేను మెల్లగా ఊపుతూ ఉండండి.

- డెవలపర్: 20 డిగ్రీల దగ్గర 90 సెకన్లు, 25 దగ్గర ఒక నిమిషం. కాఫీ డెవలపర్‌లో 3 నుంచి 5 నిమిషాలు
- వెనిగర్ నీళ్లు: 30 సెకన్లు
- హైపో: 5 నిమిషాలు. రెండు నిమిషాలయ్యాక తెల్ల లైటు వేసుకోవచ్చు
- పారే నీళ్లలో 5 నిమిషాలు, చివర ఫిల్టర్ నీళ్లలో ఒక ముంచు

బొమ్మ నల్లబడుతోందని భయపడి డెవలపర్‌లోంచి ముందే లాగేయకండి. అలా లాగినవి మచ్చలుగా, బురదగా ఉంటాయి. కడిగే సమయం ఎప్పుడూ ఒకటే ఉండాలి, సరిదిద్దాల్సింది ఎండలో తెరిచే సమయాన్ని. ఈ రెండూ కలిపి మారిస్తే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

క్లిప్పుతో తాడుకు వేలాడదీసి ఇంట్లోనే ఆరబెట్టండి. డాబా మీద ఆరేస్తే దుమ్ము అంటుతుంది.

11. నెగెటివ్ నుంచి బొమ్మ

సులువైన దారి, స్కాన్ చేసి ఫోన్‌లో రంగులు తిరగేయడం. బొమ్మను నిటారుగా తిప్పాక కుడిఎడమలు తారుమారై ఉంటాయి, అద్దంలో చూసినట్టు మరోసారి తిప్పాలి. సైన్‌బోర్డు ఉంటే చదివి చూసుకోండి.

కాగితం మీదే బొమ్మ కావాలంటే, చీకటి గదిలో కొత్త పేపర్ మందు వైపు పైకి, దాని మీద ఆరిన నెగెటివ్ మందు వైపు కిందికి పెట్టి, బరువైన గాజుపలకతో నొక్కండి. పైన బల్బును 2, 4, 8 సెకన్లు వెలిగించి ముక్కల మీద పరీక్షించి, కుదిరిన సమయంతో పూర్తి కాగితం తీయండి. కుడిఎడమలు ఇక్కడ వాటంతటవే సరవుతాయి. పేపర్ వెనక కంపెనీ పేరు అచ్చువేసి ఉంటే అది కూడా బొమ్మలో పడుతుంది, ఖాళీ వెనకభాగం ఉన్న పేపర్ వెతకండి.

12. ఏం తప్పింది?

నెగెటివ్‌లో నలుపు అంటే వెలుతురు తగిలిన చోటు. ఇది మరవకుండా చూడండి.

మొత్తం నలుపు, అంచులు కూడా నలుపే: కారుతున్న డబ్బా, చెడిన ఎర్ర బల్బు, లేదా పాతబడిన పేపర్. ప్యాకెట్లోంచి తీసిన ముక్కను చీకట్లో నేరుగా కడిగి చూడండి. అదీ బూడిదరంగుకొస్తే పేపర్‌దే దోషం.

మొత్తం నలుపు, కానీ వెలుతురు తగలని అంచులు తెలుపు: ఎక్కువసేపు తెరిచారు. సగం చేయండి.

మొత్తం తెలుపు: కాగితం తిరగేసి పెట్టారు, లేదా కొస బెజ్జాన్ని కప్పింది, లేదా డెవలపర్ చచ్చింది. లైట్లో ఒక ముక్కను డెవలపర్‌లో వేయండి, నిమిషంలో నల్లబడకపోతే డెవలపర్‌దే తప్పు.

రెండు బొమ్మలు ఒకదానిమీదొకటి: డబ్బా కదిలింది, లేదా రేకులో ఇంకో సన్న చిరుగు ఉంది.

మధ్యలో బాగుండి అంచులు తేలిపోవడం: బెజ్జం రేకు మందంగా ఉంది. బుడిపెను ఇంకా రుద్దాలి.

అంతటా మసక: బెజ్జం పెద్దది లేదా అంచులు గరుకు. కొత్త ముక్క వేయండి.

కొన్ని రోజులకు గోధుమరంగు మరకలు: హైపో అయిపోయింది, లేదా సరిగా కడగలేదు.

ఎక్స్‌రే ఫిల్మ్ వాడొచ్చా? వాడొచ్చు, అయితే డెవలపర్‌లో కడిగే పాత రకమే. డిజిటల్ సెంటర్లలో వేడితో ముద్రించే డ్రై ఫిల్మ్ దీనికి పనికిరాదు. పాత రకం పేపర్ కన్నా ఎన్నో రెట్లు వేగం, నిండు ఎండలో రెండు మూడు సెకన్లతో పరీక్ష మొదలుపెట్టండి. రెండు వైపులా మందు ఉంటుంది, ట్రే అడుగున గాజుపలక వేయకపోతే గీతలు పడతాయి.

13. వాడిన హైపోను ఏం చేయాలి

వాడిన హైపోలో కాగితం నుంచి కరిగిన వెండి ఉంటుంది. దాన్ని బావి దగ్గర, వాగులో, చెట్ల పాదుల్లో పోయకూడదు. ప్లాస్టిక్ బకెట్లో పోసి గిన్నెలు తోమే ఇనుప పీచు వేసి వారం రోజులు ఉంచితే వెండి చాలావరకు ఇనుము మీద నల్లటి మడ్డిలా దిగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పీచుతో ఇది జరగదు, తుప్పు పట్టే రకమే కావాలి. మడ్డిని వేరే సీసాలో దాచండి. మిగిలిన నీళ్లను బాగా పలుచన చేసి ఇంటి మురుగు కాలువలోనే పోయండి.

14. రసాయనాలే వద్దనుకుంటే

ఇదే పేపర్‌ను కూల్‌డ్రింక్ టిన్నులో పెట్టి నెలల తరబడి తెరిచి ఉంచితే, డెవలపర్ లేకుండానే సూర్యుడి దారులు గీతలుగా పడతాయి. 6.6 సెం.మీ. టిన్నుకు 0.35 మి.మీ. బెజ్జం. దక్షిణం వైపు తిప్పి కట్టాలి.

చల్లటి దేశాల పద్ధతిలో టిన్నును నిటారుగా కడితే మనకు సూర్యుడు చిక్కడు. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరు 22 మధ్యాహ్నమే సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు వస్తాడు, మార్చి 21కి 73కు చేరతాడు. నిటారు టిన్ను 40 డిగ్రీల దాకానే చూస్తుంది. కాబట్టి బెజ్జం ఉన్న వైపు ఆకాశం చూసేలా టిన్నును 35 డిగ్రీలు వెనక్కి వంచి కట్టండి. డిసెంబరు 22న తెరిచి మార్చి 21న మూసేస్తే వానలకు ముందే పని అయిపోతుంది. ఆ తర్వాత సూర్యుడు టిన్ను చూపుకు అందనంత పైకి వెళ్తాడు, మే రెండో వారం మొదట్లో సరిగ్గా నడినెత్తికే వస్తాడు.

సొంత డాబా పిట్టగోడకే కట్టుకోండి, బెజ్జం కింది నుంచి మంచు నీళ్లు కారకుండా అతుకులన్నీ టేపుతో మూయండి. విప్పాక కాగితాన్ని డెవలపర్‌లో, హైపోలో వేయొద్దు. మసక వెలుతురులో తీసి, స్కానర్ గాజును ముందే తుడిచి, అమరికలన్నీ సిద్ధం చేసుకుని ఒకే ఒక్కసారి స్కాన్ చేయండి. స్కానర్ వెలుతురు కూడా దాన్ని నల్లబరుస్తుంది. స్కాన్ అయిన కాగితాన్ని నల్ల కవరులో వేసి మూసేయండి.